అద్దకం నీళ్ల వెంట విశాఖలో అయిదు రోజులు

ఒకటో రోజు

తెల్లవారుజామున విశాఖపట్నం స్టేషన్లో దిగినప్పుడు నా సంచిలో రెండు జతల బట్టలు, ఒక నోటు పుస్తకం, నీళ్లలో కరిగిన ఉప్పులు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపే పెన్నంత టీడీఎస్ మీటరు, మా పెరటి బావి నీళ్లు నింపిన లీటరు సీసా ఉన్నాయి. రైల్లో పక్క బెర్తు ఆవిడ ఆ సీసాను చూసి "గంగాజలమా అమ్మా?" అని అడిగింది. తాగడానికి పనికిరాని నీళ్లని చెప్పాను. మరేమీ అడగలేదు.

మాది చీరాల దగ్గర నేతవాళ్ల ఊరు. మా నాన్న నూలు అద్దేవారు. పెరట్లో నాలుగు తొట్లు, రెండు పొయ్యిలు, చిలపలు (నూలు కట్టలు) ఆరేసే వెదురు దండేలు ఉండేవి. అద్దకం అయ్యాక తొట్టి ఒంపేస్తే రంగు నీళ్లు ఇసుకలో క్షణాల్లో ఇంకిపోయేవి. "మన ఇసుక ఎన్ని నీళ్లయినా తాగుతుంది" అనేవారు నాన్న. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పడం మొదలుపెట్టిన కొన్నేళ్లకు, బావి నీళ్లు ఉప్పగా మారాయని, వాటితో పప్పు ఉడకడం లేదని అమ్మ చెప్పింది. ఆ బావిని బయటివాళ్లెవరూ పాడుచేయలేదు. మేమే చేశాం. ముప్ఫై ఏళ్లు విద్యార్థులకు ద్రావణాల గురించి చెప్పిన నేను, మా పెరట్లో ఏ ద్రావణం ఎటు పోతోందో ఒక్కసారైనా కొలిచి చూడలేదు. ఈ ప్రయాణానికి అసలు కారణం అదే.

ఇప్పుడు అద్దకం మా తమ్ముడు చూస్తున్నాడు. వీధిలోని మిగతా అద్దకంవాళ్లతో కలిసి ఉమ్మడిగా నీటి శుద్ధి ప్లాంటు పెట్టాలని వాడి ఆలోచన. "నువ్వు చదువుకున్నదానివి అక్కా, ముందు నువ్వు చూసిరా" అన్నాడు. నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు అచ్యుతాపురం వైపు ఒక బట్టల యూనిట్లో నీటి శుద్ధి విభాగం చూస్తున్నాడు. ఎక్కడో ఉత్తరాదికి వెళ్లే బదులు ఇక్కడికే రావడం అందుకే.

గాజువాకలో బస చేశాను. గదిలో కుళాయి నీళ్లలో మీటరు ముంచితే 240 చూపింది. మా బావి సీసాలో ముంచితే 2900. ఆ రెండంకెలనూ పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకున్నాను.

కుళాయిలో వచ్చే ఆ నీళ్లు కూడా ఇక్కడ పుట్టినవి కావు. విశాఖ పరిశ్రమల కోసం ఏలేరు జలాశయం నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వి నీళ్లు తెచ్చుకున్నారు. ఊరికి కావలసిన నీళ్లలో కొంత రైవాడ నుంచి, కొంత తాటిపూడి నుంచి, కొంత మేఘాద్రి గెడ్డ నుంచి వస్తుంది. ముందు సముద్రం, వెనక కొండలు ఉన్న ఊరు మంచినీళ్ల కోసం ఇంత దూరం చేయి చాచవలసి వచ్చింది. అలాంటి చోట ఒకసారి వాడిన నీళ్లను పారబోయడం ఎంత పెద్ద నష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

రెండో రోజు

పొద్దున్నే బస్సెక్కి కూర్మన్నపాలెం, లంకెలపాలెం, పరవాడ మీదుగా అచ్యుతాపురం చేరాను. యూనిట్ పేరు రాయనని మాట ఇచ్చాను కాబట్టి రాయడం లేదు. లోపల అల్లిక గుడ్డ అద్దుతారు, కుట్టిన దుస్తులు ఉతుకుతారు. గేటు దగ్గర ఎదురొచ్చిన మా విద్యార్థి కాళ్లకు దండం పెట్టబోతే వద్దని, ముందు అద్దకం షెడ్డుకే తీసుకెళ్లమన్నాను. శుద్ధి ప్లాంటు తర్వాత చూడవచ్చు. నీళ్లు ఎక్కడ చెడతాయో తెలియకుండా ఎలా బాగుపడతాయో చూసి ఏం లాభం?

షెడ్డులో పెద్ద ఉక్కు యంత్రాల్లో గుడ్డ గుండ్రంగా తిరుగుతోంది. మా తొట్లలో కర్రతో తిప్పే పనినే ఇక్కడ పంపు చేస్తోంది. రంగు అదే, రియాక్టివ్ రంగు. సోడా అదే, ఉప్పు అదే. ఉప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అద్దకంవాళ్లలో చాలామంది ఉప్పు వల్లే రంగు "నిలుస్తుంది" అనుకుంటారు. నాన్న కూడా అలాగే అనేవారు.

నీళ్లలో తడిసిన నూలు మీద రుణావేశం ఉంటుంది. రంగు అణువు మీదా రుణావేశమే. ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పు వేస్తే ఆ నెట్టుడు తగ్గి రంగు నూలు దగ్గరికి చేరుతుంది. తర్వాత సోడా వేసినప్పుడు రంగు నూలుతో గట్టి బంధం కట్టుకుంటుంది. ఉప్పు పని రంగును నూలు దగ్గరికి చేర్చడం వరకే. వేసిన ఉప్పులో ఒక్క గ్రాము కూడా గుడ్డలో ఉండిపోదు, మొత్తం నీళ్లతో బయటికి వచ్చేస్తుంది. రంగులోనూ 60 నుంచి 80 శాతమే గుడ్డకు పడుతుంది. మిగిలినది నీటితో చర్య జరిపి పనికిరాకుండా పోయి కడుగు నీళ్లలో కలుస్తుంది.

అక్కడే నిలబడి లెక్క వేశాను. కిలో గుడ్డకు 10 లీటర్ల నీళ్లు, లీటరుకు 60 గ్రాముల ఉప్పు చొప్పున వేస్తే 600 గ్రాములు. మా ఇంట్లో చేతి అద్దకానికి కిలో నూలుకు 20 లీటర్లు తక్కువ కాదు. అంటే కిలో నూలు అద్దితే కిలోకు పైగా ఉప్పు! నాన్న రోజుకు ఎంత నూలు అద్దేవారో, ఎన్నేళ్లు అద్దారో గుర్తు చేసుకుంటే చేతిలో పెన్ను ఆగిపోయింది.

తర్వాత ప్లాంటుకు వెళ్లాం. షెడ్డు నుంచి వచ్చే నీళ్లు ఒక గంట ఎర్రగా, ఒక గంట నల్లగా, ఒకసారి పొగలు కక్కుతూ, ఒకసారి చల్లగా వస్తాయి. వాటన్నిటినీ ముందు ఒక పెద్ద ట్యాంకులో కలిపి నిలవ ఉంచుతారు. వేడి నీళ్లు అందులోకి వచ్చేముందే వాటి వేడిని గొట్టాల మీదుగా కొత్త నీళ్లకు ఎక్కించేస్తారు. బాయిలరు కట్టెలు మిగులుతాయి, తర్వాతి ట్యాంకులో సూక్ష్మజీవులు చచ్చిపోకుండా ఉంటాయి. ఒకే పనికి రెండు లాభాలు.

ఆ సూక్ష్మజీవుల ట్యాంకు ఎప్పుడూ బుడగలతో ఉడుకుతున్నట్టు ఉంటుంది. అడుగు నుంచి గాలి ఊదుతారు. ఆపరేటరు కుర్రవాడు ఒక మూల కట్టి ఉంచిన గోనెసంచి విప్పి చూపించాడు. అనకాపల్లి బెల్లం. ట్యాంకు కొత్తగా మొదలుపెట్టినప్పుడు, లేదా పండగ సెలవులకు యూనిట్ మూతపడి సూక్ష్మజీవులకు తిండి అందనప్పుడు బెల్లం కరిగించి పోస్తారట. కొంచెం యూరియా, కొంచెం డీఏపీ కూడా వేస్తారు. సూక్ష్మజీవులు తినే మురికి (బీఓడీ లెక్కలో) 100 పాళ్లుంటే నత్రజని 5, భాస్వరం 1 ఉండాలని చదువుకున్న లెక్కను అతను గుప్పిళ్లలో చేస్తున్నాడు. "నురగ తెల్లగా పొంగితే సూక్ష్మజీవులు ఇంకా చాలినన్ని లేనట్టు మేడమ్, లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు" అన్నాడు. గోవుల దొడ్డి చూసుకునేవాడిలా చెప్పాడు. అతని మీద గౌరవం కలిగింది.

గంజి, నూనెలు, సబ్బుల్లాంటివి సూక్ష్మజీవులు తినేస్తాయి. రంగు మాత్రం వాటికి అంత తేలిగ్గా అరగదు. ఉతికితే వెలవకూడదని, ఎండకు మాయకూడదని మనమే ఆ రంగును అంత గట్టిగా తయారు చేశాం. అందుకని సున్నం, ఫెర్రస్ సల్ఫేట్ లాంటివి వేసి రంగును బురదగా పేరబెట్టి తీస్తారు. ఆ బురదను నీరు పిండి పలకలుగా చేస్తారు. దాన్ని పొలాల పక్కన పోయకూడదు, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే పంపాలి.

ఇవన్నీ దాటాక మా విద్యార్థి ఒక గాజు గ్లాసు నింపి ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. తేటగా, ఊట నీళ్లలా ఉంది. వచ్చినవాళ్లందరూ ఇక్కడే ఫోటో తీసుకుంటారట. నేను మీటరు ముంచాను. 6100.

నలుపు పోయింది, ఎరుపు పోయింది, వాసన పోయింది. ఉప్పులో మాత్రం చుక్క కూడా తగ్గలేదు. పైగా రంగు తీయడానికి వేసిన రసాయనాలు ఇంకొంచెం కలిపాయి. నేల మీదికి, వాగుల్లోకి వదిలే నీళ్లకు కాలుష్య నియంత్రణ మండళ్లు 2100 అని హద్దు పెట్టింది ఇందుకే. మా వీధిలో ఎవరైనా ఇంతవరకు ప్లాంటు కట్టి, ఈ గ్లాసు చూపించి, "చూడండి, ఎంత శుభ్రంగా ఉన్నాయో" అంటే అందరం చప్పట్లు కొట్టి ఆ నీళ్లను ఇసుకలోకి వదిలేవాళ్లం. కంటికి కనిపించే మురికి కంటే కనిపించని ఉప్పే బావిని చంపింది.

తమిళనాడులో నొయ్యల్ నది ఒడ్డున ఉన్న అద్దకాల ఊరు తిరుప్పూరు ఈ పాఠం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. సాగు కోసం 1992లో కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట వెనక అద్దకాల నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లు తమ పొలాలకు వద్దని రైతులే కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆదేశాలతో వందల అద్దకం యూనిట్లు మూతపడ్డాయి. ఆ తర్వాతే అక్కడ చుక్క నీరు బయటికి వదలని ఉమ్మడి ప్లాంట్లు నిలదొక్కుకున్నాయి.

ఈ యూనిట్ కూడా తేట నీళ్ల దగ్గర ఆగదు. ఆ నీళ్లను మరింత వడపోసి, ఒత్తిడితో ఆర్‌ఓ పొరల (నీటిని పోనిచ్చి ఉప్పును ఆపే పొరల) గుండా నెడతారు. 100 లీటర్లు పంపితే 85 వరకు మంచినీళ్లుగా వచ్చి మళ్లీ అద్దకం షెడ్డుకే పోతాయి. మీటరు ముంచితే 190. నా గది కుళాయి నీళ్ల కంటే నయం. మిగతా 15 లీటర్లలో మొత్తం ఉప్పు చేరి, సముద్రపు నీళ్ల కంటే ముదురుగా ఉంటుంది. నా మీటరు దాన్ని కొలవలేక చేతులెత్తేసింది.

ఆ ముదురు నీళ్లను వరసగా పెట్టిన పాత్రల్లో మరిగిస్తారు. మొదటి పాత్ర ఆవిరి రెండోదాన్ని, రెండోదాని ఆవిరి మూడోదాన్ని వేడి చేస్తుంది. ఖర్చంతా ఇక్కడే. వెనకటి రోజుల్లో కొన్నిసార్లు మామూలు ఉప్పు, కొన్నిసార్లు గ్లాబర్ ఉప్పు (సోడియం సల్ఫేట్) వాడేవారట. అప్పుడు మరిగించి తీసిన ఉప్పు రెండూ కలిసిన మిశ్రమంగా ఉండి ఎందుకూ పనికిరాక షెడ్లలో గుట్టలు పడింది. ఇప్పుడు గ్లాబర్ ఒక్కటే వాడుతున్నారు. చిక్కబడ్డ ద్రావణాన్ని చల్లబరిస్తే చాలు, తెల్లని స్ఫటికాలు అడుగున చేరతాయి. వాటిని మళ్లీ అద్దకంలో వేస్తారు.

"మేడమ్, సోడియం సల్ఫేట్ ద్రావణీయత గీత గుర్తుందా? మాకు బోర్డు మీద గీశారు" అన్నాడు మా విద్యార్థి.

గుర్తులేకపోవడమేమిటి! 32.4 డిగ్రీల దగ్గర ఆ గీత విరుగుతుంది. అంతవరకు వేడి పెరిగే కొద్దీ విపరీతంగా కరిగే ఉప్పు, అక్కడి నుంచి కొంచెం కొంచెంగా తక్కువ కరుగుతుంది. కిందికి చల్లబరిస్తే అంతే విపరీతంగా బయటపడుతుంది. ఏటా రెండు మార్కుల ప్రశ్నగా అడిగాను. ఆ గీత మీద ఒక పరిశ్రమ నిలబడుతుందని, మా అమ్మ బావి నిలబడి ఉండేదని నాకు తట్టలేదు. కాసేపు మాట రాలేదు. వాడు పక్కకు వెళ్లి టీ తెచ్చాడు.

రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి అంతా చెప్పాను. మరిగించే పాత్రల ఖర్చు విని, "అంత ఎందుకక్కా, మనకు సముద్రం దగ్గరే కదా. రంగు తీసేసి పైపు వేసి సముద్రంలో కలిపేద్దాం. ఉప్పు ఉప్పులోనే కలుస్తుంది" అన్నాడు. వెంటనే కాదనలేకపోయాను. రసాయనశాస్త్రం ప్రకారం వాడి మాటలో తప్పు దొరకలేదు.

మూడో రోజు

ఆ మాట తేల్చుకోవడానికి పూడిమడక వెళ్లాను. అచ్యుతాపురం నుంచి ఆటోలో కొంతసేపే. పెద్ద మత్స్యకారుల ఊరు. ఇసుక మీద వరసగా పడవలు, వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు, ఎండు చేపలు తిరగేస్తున్న ఆడవాళ్లు. నీడ కోసం ఒక పడవ పక్కన కూర్చుంటే ఒక పెద్దావిడ మంచినీళ్లిచ్చింది. వచ్చిన పని చెప్పాను, తమ్ముడి మాట కూడా చెప్పాను.

"సముద్రం పెద్దదేనమ్మా. మా వల పడేది ఒడ్డు పక్కన" అంది ఆవిడ. "పైపు నీళ్లు ఎన్ని బాగుచేసి వదిలినా, ఒకరోజు మిషను ఆగిందనుకో. ఆ రోజు ఎవరు చూస్తారు? మీ ఊళ్లోనూ వల వేసేవాళ్లు ఉంటారు కదా, వాళ్లను అడిగావా?"

మా దగ్గర వాడరేవు ఉంది. నేను అడగలేదు, తమ్ముడూ అడగలేదు.

ఉప్పు వరకే అయితే సముద్రానికి లెక్క లేదు, లీటరుకు సుమారు 35 గ్రాములు ఇప్పటికే ఉంది. కానీ పైపులో ఉప్పు ఒక్కటే పోదు. సగం అరిగిన రంగులు, వేడి, సబ్బులు, ప్లాంటు చెడిపోయిన రోజు మొత్తం మురికి పోతాయి. సరిగ్గా నడిపితే లోతు నీళ్లలోకి వేసిన గొట్టానికి చోటు ఉందని ఒప్పుకుంటాను. కానీ పాతిక తొట్ల అద్దకంవాళ్లు సముద్రంలోకి గొట్టం వేసి, దాన్ని రోజూ కనిపెట్టుకుని ఉండలేరు. ఇంకొక్క సంగతి. మా లాంటి ఇసుక తీరాల్లో నేల కింద మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ పలచని పొరగా ఉంటాయి. శుద్ధి చేసిన నీళ్లను సముద్రానికి ఇచ్చేసి మళ్లీ బోరు వేసి తోడితే ఆ పొర ఇంకా పలచబడుతుంది. మంచినీళ్లు తిరిగి తొట్టిలోకే రావాలి.

నాలుగో రోజు

పాయకరావుపేట. తాండవ నదికి ఇటు పేట, అటు తుని. ఇక్కడ చేనేత మగ్గాలున్నాయి, అద్దకం ఉంది, మా ఇంటి వాసన ఉంది. ఒక పెద్దాయన పెరట్లోకి తీసుకెళ్లారు. ఎనభై దాటినా చిలపలు పిండే చేతుల్లో వణుకు లేదు. వరసగా మూడు గాబులు పెట్టి ఉన్నాయి. అద్దిన చిలపను మొదట ఎడమ గాబులో, తర్వాత మధ్యలో, చివర కుడి గాబులో జాడిస్తారు. ఎడమ గాబు నీళ్లు బాగా రంగెక్కాక వాటిని మాత్రమే తీసేసి, మధ్య గాబువి ఎడమకు, కుడి గాబువి మధ్యకు మార్చి, కుడి గాబులో కొత్త నీళ్లు పోస్తారు.

"ఇది ఎవరు నేర్పారు తాతగారూ?" అని అడిగాను.

"నీళ్లు మోయడం నేర్పింది తల్లీ. చిన్నప్పుడు ఏటి నుంచి కావడితో మోసేవాళ్లం. మోసేవాడికి పారబోయబుద్ధి కాదు."

మొన్న యూనిట్లో గుడ్డ ఒకవైపు, నీళ్లు ఎదురువైపు నడిచే కడుగు యంత్రం చూశాను. దానికీ ఈ మూడు గాబులకూ సూత్రం ఒక్కటే. మా ఇంట్లో ఎప్పుడూ కొత్త నీళ్లతోనే నాలుగుసార్లు జాడించేవాళ్లం, మాకు మోటారు ఉండేది కాబట్టి. ప్లాంటు కట్టకముందే, రూపాయి ఖర్చు లేకుండా, శుద్ధి చేయవలసిన నీళ్లను తగ్గించుకోవచ్చు. నీళ్లు తగ్గితే ప్లాంటు చిన్నదవుతుంది, మరిగించే ఖర్చు తగ్గుతుంది. శుద్ధి గురించి మాట్లాడేవాళ్లు దీన్ని చివర చెబుతారు. మొదట చెప్పాలి.

నీలిమందు తొట్టి గురించి కూడా ఆయనే చెప్పారు. వాళ్ల తాతల నాడు నీలి తొట్టిని పారబోసేవారు కాదట. పులియబెట్టిన ఆ తొట్టికి రోజూ కొంత నీలి, కొంత సున్నం పోస్తూ నెలల తరబడి బతికించుకునేవారు.

తిరుగు దారిలో అడ్డరోడ్డు దగ్గర దిగి ఏటికొప్పాక వెళ్లాను. వరాహ నది ఒడ్డున లక్క బొమ్మల ఊరు. అంకుడు కర్ర చెక్కి, తిరుగుతున్న బొమ్మకు రంగు కలిపిన లక్కను ఒత్తి పూస్తారు. మొక్కల నుంచి తీసిన రంగులను ఇక్కడ మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అంకుడు చెట్టు శాస్త్రీయ నామం రైటియా టింక్టోరియా. టింక్టోరియా అంటే అద్దకానికి పనికొచ్చేది. దాని ఆకుల నుంచి నీలి రంగు తీయవచ్చు! ఈ బొమ్మల పనిలో కడుగు నీళ్లంటూ దాదాపు ఉండవు. కానీ అదే మొక్కల రంగు నూలుకు పట్టాలంటే కరక్కాయ, పటిక, బోలెడు జాడింపులు కావాలి. సహజ రంగు అనగానే నీటి సమస్య తీరిపోయిందనుకునేవాళ్లు ఈ తేడా చూడాలి.

అయిదో రోజు

మధ్యాహ్నం రైలు. మా విద్యార్థి స్టేషనుకు వచ్చి ఒక పొట్లం ఇచ్చాడు. లోపల గుప్పెడు గ్లాబర్ ఉప్పు, వాళ్ల ప్లాంటులో తిరిగి వచ్చినది. "ఎండలో పెట్టకండి మేడమ్, 32 డిగ్రీలు దాటితే స్ఫటికంలో ఉన్న తన నీళ్లలో తనే కరిగిపోతుంది" అన్నాడు. నేను చెప్పిన పాఠమే. జాగ్రత్తగా గుడ్డలో చుట్టి సంచి అడుగున పెట్టుకున్నాను.

రైలు తాండవ వంతెన దాటాక తమ్ముడికి ఫోన్ చేశాను. కొట్టంలో ఇప్పుడు ఏ ఉప్పు ఉందో చూడమన్నాను. వెళ్లి లెక్కపెట్టి వచ్చాడు.

"గ్లాబర్ అయిదు బస్తాలు, మామూలు ఉప్పు పద్దెనిమిది. చినగంజాం ఉప్పు కొఠారులు పక్కనే కదక్కా, సగం ధరకు వస్తుంది."

"ప్లాంటు పెట్టాక అది సగం ధర కాదురా. మామూలు ఉప్పు కలిసిందంటే తిరిగి వచ్చేది ఏదీ తొట్టిలో వేయలేం. వీధిలో ఒక్క ఇల్లు కలిపినా అందరిదీ పాడవుతుంది."

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అందరూ ఒకే ఉప్పుకు ఒప్పుకోవాలంటే నా మాట చాలదు. ఆదివారం మన పెరట్లోకి రమ్మంటాను, నువ్వే చెప్పు" అన్నాడు.

చెప్పడం కంటే చూపిస్తానన్నాను. గ్లాబర్ వేసి అద్దిన తొట్టి నీళ్లు ఒక బిందెడు పారబోయకుండా ఉంచమన్నాను. పెద్ద పొయ్యి వెలిగించి నాలుగో వంతుకు మరిగిద్దాం, బజారులో మంచుగడ్డ తెప్పించు, వాడరేవు నుంచి కూడా ఇద్దరు ముగ్గురిని పిలువు అని చెప్పాను. మంచుగడ్డ ఎంత కావాలని అడిగాడు. అయిదు కిలోలు చాలన్నాను.